డెల్ రివాల్వరుకి కొత్త సైట్లు

డెల్ హాస్కిన్స్ తన రివాల్వరుకి గురి చూసుకునే కొత్త సైట్లు పెట్టించుకున్న రోజు నుంచి నాకు తిండి సయించలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి. కలప మిల్లులో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేశాం. వాడు దుంగలు మోసే లారీ నడిపేవాడు, నేను రంపాలకి పదును పెట్టేవాణ్ణి. ప్రతి శనివారం కంకర గుంట దగ్గర మా క్లబ్బులో పాతిక గజాల నుంచి కాల్చడం, ఓడినవాడు మరుసటి శనివారం అందరికీ ఎల్క్ దుప్పి మాంసం, బీన్సు వేసి కూర వండి తేవడం మా రివాజు. పదకొండేళ్ళు వాడే వండాడు. ఈ వేసవిలో వరసగా ఆరు వారాలు నేను వండాను. నా కూర తిని జనం నా మీద జాలిపడ్డారు కూడా.

వాడి ముందు సైటు మీద ఆవగింజంత ఇత్తడి పూస. వెనక సైటు చిన్న స్క్రూ తిప్పితే పైకీ కిందికీ జరుగుతుంది. వేలితో తడిమి చూశాను. అతుకు ఎక్కడుందో తెలియలేదు. ఆ పనితనం చూసి కడుపులో మంట పుట్టింది.

"ఎవడు చేశాడ్రా?" అన్నాను.

"ఉన్నార్లే."

"పేరు లేదా ఆ మహానుభావుడికి?"

"చెప్తే నువ్వు వెళ్ళవు, ఆరిన్. నీ సంగతి నాకు తెలీదూ?"

చూశారా వాడి పొగరు! నేనే వెతుక్కుంటానన్నాను. ఇనప సామాన్ల కొట్లో అడిగితే, ఊళ్ళో తుపాకులు బాగుచేసే పెద్దాయన నిరుడే పోయాడన్నారు. ఇంకొకాయన స్పోకేన్ నగరానికి మకాం మార్చాడట, వచ్చే వసంతం దాకా కొత్త పని ముట్టుకోడట. మూడోవాడొకడున్నాడు గానీ, వాడి చేతికి నేను పారైనా ఇవ్వను.

సరే, నేనే చేసుకుంటానన్నాను. నా గుళ్ళు కిందికి పడుతున్నాయి. ముందు సైటు ఎత్తు తగ్గిస్తే గుండు పైకి లేస్తుంది, ఇది మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. ఆకురాయి పట్టడంలో నాకొకడు చెప్పాలా? నా కూతురు థియా తుపాకుల పని నేర్చుకోవడానికి కొలరాడో వెళ్తానన్నప్పుడు కూడా ఇదే తలపొగరుతో మాట్లాడాను. "ఆకురాయి పట్టే చేతులా అవి? రెండు నెలల్లో ఏడ్చుకుంటూ తిరిగొస్తావు" అన్నాను, అదీ మిల్లు వాళ్ళందరి ముందూ. ఏడవలేదు, తిరిగి రాలేదు. నాలుగేళ్ళయింది మాటల్లేక.

ముందు సైటుని ఆకురాయితో నాలుగుసార్లు అరగదీశాను. కాల్చి చూశాను. ఇంకా కిందే. ఇంకో నాలుగు. అలా మూడు రోజులు నేనూ, ఆ సైటూ, నా మొండితనం. నాలుగో రోజు గుళ్ళు గురి కాగితం మీంచి ఎగిరిపోయి వెనక మట్టికట్టలో పడ్డాయి. ముందు సైటు కాస్తా గోరంత మిగిలింది.

సిగ్గు చంపుకుని రివాల్వరు పట్టుకుని డెల్ ఇంటికి వెళ్ళాను. వాడు దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని కొరికావట్రా?"

"నోర్మూసుకుని అడ్రసు ఇవ్వు."

వాడు నవ్వలేదు. కాగితం మీద రోడ్డు పేరు రాసి, ఆకుపచ్చ గేటు అని కింద గీత గీశాడు. "అక్కడ గొంతు పెంచకు," అన్నాడు. నలభై మైళ్ళు. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

గేటు లోపల గడ్డివాము షెడ్డు, దాని పక్కన చిన్న వర్క్‌షాపు. తలుపు తీసింది థియా.

జుట్టు కత్తిరించుకుంది. చేతులకి నూనె మరకలు. వాళ్ళమ్మ లాగే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"డెల్ బాబాయ్ పంపించారా? తుపాకీ ఖాళీ చేసి తెచ్చారు కదా?" అంది. బేరానికొచ్చిన వాణ్ణి అడిగినట్టు అడిగింది.

బాబాయట! నా కూతురు నలభై మైళ్ళ దూరంలో ఉంటే నాకు తెలీదు, వాడు మాత్రం బాబాయ్! లోపల కిటికీ పక్కన ఒక స్టూలు, బల్ల మీద దుంగల లారీ బొమ్మ ఉన్న కప్పు. అది ఎవరి కప్పో ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

గుళ్ళు పెట్టే సిలిండరు తెరిచి రివాల్వరు అందించాను. బొటనవేలితో ముందు సైటు తడిమింది.

"ఎవరు అరగదీశారు?"

"నేనే."

"రంపాల ఆకురాయితోనా?"

"ఆఁ."

గోడకున్న గురి కాగితం ఒకటి లాగింది. తిట్టినా బావుండేది.

వెనక మట్టిగుట్ట ముందు కాగితం కట్టి నన్ను కాల్చమంది. పని ముట్టుకునే ముందు మనిషి కాల్చే తీరు చూస్తుందట. అయిదు గుళ్ళు కాల్చాను. ఆమె కాగితం వైపే చూడలేదు, నా మొహమే చూస్తోంది.

"నీకు ముందు సైటు కనబడట్లేదు కదూ?"

"ఎండ కళ్ళల్లో పడుతోంది."

"ఎండ నీ వీపు వెనకుంది, నాన్నా."

రివాల్వరు తీసుకుంది. నేను పాడుచేసిన ఆ సైటుతోనే, నల్ల చుక్కకి బాగా కిందికి గురిపెట్టి, తాపీగా అయిదు కాల్చింది. అయిదు చిల్లుల్నీ నా అరచేతితో మూసేయొచ్చు. సిగ్గు విడిచి చెప్తున్నాను, కన్నకూతుర్ని చూసి కుళ్ళొచ్చింది నాకు. ఆ చేతులు చూసి, ఆ కళ్ళు చూసి. ఒకప్పుడు నావీ అలాగే ఉండేవి.

లోపలికొచ్చాక చీటీ తీసింది. "ఇది మొత్తం కోసేసి కొత్తది అతకాలి. ఎవరి కంటికి పెట్టమంటావు?"

ఆ ప్రశ్న ఈ పనిలో మామూలే. ఒకరి కంటికి పెట్టిన సైటు ఇంకొకరికి సరిపోదు. పట్టు వేరు, చూపు వేరు.

"నీ కంటికి పెట్టుకో," అన్నాను. "తుపాకీ నువ్వే ఉంచుకో. శనివారం క్లబ్బుకి రా."

"ఎందుకు? బాబాయ్‌ని ఓడించడానికా? అందుకైతే నాకొద్దు."

అబద్ధం ఆడబోయి మానుకున్నాను.

"దారిలో అనుకున్నది అదే. వాడి సైటు చూసి ఏడ్చాను, వాడి గురి చూసి ఏడ్చాను. ఇక్కడికొచ్చాక అవన్నీ పోయాయి. వాడు ఇక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నాడే, ఆ ఒక్కటే నన్ను తినేస్తోంది. నీ చేతుల గురించి నేను వాగింది తప్పు, థియా. అందరి ముందూ వాగాను. అందరి ముందూ చెప్తాను కావాలంటే."

ఆమె పెన్ను మూతతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. తర్వాత టేపు తీసి, నా చేత రివాల్వరు పట్టించి, నా కంటి దగ్గర్నుంచి ముందు సైటు దాకా కొలిచింది. ఆమె వేళ్ళు నా కణతకి తగిలాయి. నేను కదల్లేదు. చీటీ మీద ఇరవై ఎనిమిది అంగుళాలు అని రాసింది.

"సైటు నీ కంటికే పెడతాను. కానీ ముందు కళ్ళజోడు. ఈ కొలత ఇస్తే సరిగ్గా సైటు కనబడేలా అద్దాలు చేసిస్తారు. బాబాయ్‌కి కూడా మొదట అదే చేయించాను, సైటు కంటే అద్దాలే ఎక్కువ పనిచేశాయి ఆయనకి."

వాడు గెలిచింది అందుకా! నాకొక్క ముక్క చెప్పలేదు, దొంగవెధవ.

"గురువారం పదకొండింటికి కళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయిస్తాను. ఇక్కడికి వచ్చెయ్యి, కలిసి వెళ్దాం," అంది. "బాబాయ్‌ని కూడా రమ్మంటాను, ఆయనకి ఆ డాక్టరు బాగా తెలుసు."

"వాడెందుకు మధ్యలో!" అని అరిచేశాను.

షెడ్డులో కోళ్ళు బెదిరి రెక్కలు కొట్టుకున్నాయి. థియా నన్ను ఎగాదిగా చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమో అని హడలిపోయాను. నవ్వుతోంది.

"సరే. మనిద్దరమే," అంది.

గురువారం పదకొండింటికి కదా రమ్మంది. నేను ఏడింటికే వెళ్ళి ఆ ఆకుపచ్చ గేటు ముందు కూర్చున్నాను.