బొంబాయి తీగలకు పసుపు

మోటార్లు పరీక్షించే చెన్నకేశవరావు గారి కరెంటు మీటరును, కాలువ కింద వలస రైతులు కట్టుకున్న ఆ క్యాంపులో ఎరగనివాళ్ళు లేరు. అసలు మీటరు ఒక ఎత్తు, దాని తీగలు ఒక ఎత్తు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, కొసన ఇత్తడి మొనలు. బొంబాయి నుంచి పార్శిలులో వచ్చిన కంపెనీ సరుకు. మోటారు చెడిపోయి ఆయన గుమ్మం తొక్కినవాడు ముందు కాఫీ తాగాలి, తీగల గొప్ప వినాలి, నోరు తెరిచి ఆశ్చర్యపోవాలి. తన బాధ ఆ తరువాతే చెప్పుకోవాలి.

హనుమాయమ్మ కాఫీ తాగింది, గొప్ప విన్నది, ఆశ్చర్యం కూడా పోయింది. చనిపోయిన తన భర్తకు ఆయన స్వయానా అన్నగారు, మరి తప్పుతుందా? ఆమె నాలుగెకరాలూ కాలువ చిట్టచివర. అక్కడిదాకా రావటానికి కాలువ నీళ్ళకు ఓపిక ఉండదు. పక్క వాగులో మోటారు పెట్టి తోడుకుంటోంది. విజయదశమి పొద్దున ఆ మోటారు ఉలకలేదు, పలకలేదు. వరి పాలుపోసుకుంటున్న రోజులు. ఇప్పుడు తడి తప్పితే గింజ తాలుపోతుంది, ఏడాది తిండి పోతుంది.

చెన్నకేశవరావు మోటారు దగ్గర గొంతుక్కూర్చుని మొనలు ఆనించాడు. మీటరులో ముల్లు కదల్లేదు.

"లోపల రాగితీగ చుట్ట మాడిపోయిందమ్మాయ్. రాయచూరు పంపి చుట్టించాలి. పదిరోజులు."

"పదిరోజులా! చేను ఏమైపోతుంది బావగారూ? ఇంకొక్కసారి చూడండి."

"బొంబాయి తీగ రెండోసారి చూడదు. ఇదేమన్నా వంకాయ కూరా, ఉప్పు చాలిందో లేదో మళ్ళీ నాలిక మీద వేసుకోవటానికి?"

కడుపు మండినా పెద్దవాడిని ఏమంటుంది? మస్కి సంతకు వెళ్ళేవాళ్ళతో మెకానిక్ హుసేనప్పకు కబురంపింది. మోటారు తీసుకెళ్ళటానికి బండి దొరికేసరికి రెండు రోజులైంది. మడి నెర్రెలిచ్చింది. మూడోనాడు ఇటు బండీ వచ్చింది, అటు సైకిలు మీద హుసేనప్పా వచ్చాడు.

అతని తీగలు మస్కి సంతలో కొన్నవి. నాలుగు చోట్ల గుడ్డపేలిక చుట్టి ఉంది, మొనలకు తుప్పు. మోటారును దగ్గరుండి బండెక్కిద్దామని వచ్చిన చెన్నకేశవరావు వాటిని చూసి ముక్కు చిట్లించాడు.

"సంతలో తోటకూర కొనాలి గానీ తీగలు కొంటారటయ్యా?"

"సస్తా మాల్ సార్. దీన్ని నమ్మొద్దు. అందుకే ఎప్పటికప్పుడు గీకి సూస్త," అంటూ హుసేనప్ప మొనలను రాతికేసి రుద్దాడు. ఒకదానికొకటి తాకించాడు. ముల్లు ఎగిరింది, అంటే తీగలు బాగున్నట్టే. అప్పుడు మోటారుకు పెట్టాడు. మళ్ళీ ఎగిరింది.

"మోటారుకు ఏం కాలే అక్కా. మంచిగుంది."

"నీ తీగలు అబద్ధం చెప్తున్నాయి!"

"అట్లనే కానీ సార్. మీవి జర గిట్ల ఇయ్యుండ్రి."

బొంబాయి మొనలు రెండూ ఒకదానికొకటి తాకించాడు. ముల్లు నిద్ర లేవలేదు. హుసేనప్ప వాటిని ఎండకు పట్టి చూశాడు. మహర్నవమినాడు ఆయుధపూజలో పెట్టిన పసుపు, గంధం మొనలను మూసేసి పెంకులా ఎండిపోయాయి. పూజపసుపు తుడిస్తే అరిష్టమని ఆయనే అలా ఉంచాడు.

"ఏంది సార్ గిది? పసుపులకెల్లి కరెంటు పోతదా?"

హుసేనప్ప స్టార్టరు పెట్టె విప్పాడు. మీట కింద ఒక బల్లి నలిగి చచ్చి ఉంది. పుల్లతో తీసి పారేసి బొత్తాం నొక్కాడు. గొట్టం నుంచి నీళ్ళు భళ్ళున పడ్డాయి. హనుమాయమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"పూజ శ్రద్ధగా చేశాను కాబట్టి బల్లితో పోయిందమ్మాయ్," అన్నాడు చెన్నకేశవరావు, తీగలు చుట్టుకుంటూ.

తక్కిన చేను తేరుకుంది గానీ, మెరకమీది అరెకరం తాలుపోయింది. నూర్పిళ్ళయ్యాక మొదటి బస్తా పెద్దవారింటికి పంపటం వాళ్ళ ఆనవాయితీ. హనుమాయమ్మ కంపెనీ ముద్ర ఉన్న కొత్త గోనెసంచి తెప్పించింది. అందులో ఆ అరెకరం తాలు నింపి, మూతి కుట్టి, పసుపూ కుంకుమా పెట్టి తనే బండి మీద తీసుకెళ్ళింది.

చెన్నకేశవరావు బస్తాను ఒంటిచేత్తో లేపి తెల్లబోయాడు.

"ఇదేమిటమ్మాయ్, ఇంత తేలిగ్గా ఉంది? విప్పి చూద్దాం, కత్తి ఇటు తే."

"పైన కంపెనీ ముద్ర ఉంది కదా బావగారూ," అంది హనుమాయమ్మ. "ఇక విప్పి చూడటం దేనికి?"