పక్కకి నడిచిన హెడ్డు

జగ్గయ్యపేటలో జాకెట్లకి పూలు కుట్టే నా ఎంబ్రాయిడరీ మెషీన్‌కి పదిహేడేళ్లు. డిజైన్ ఎక్కించాలంటే దానికి ఫ్లాపీయే దిక్కు. ఆ ఫ్లాపీ డ్రైవ్‌కి వేషాలు ఎక్కువే. పొద్దున్నే మొదటి ఫ్లాపీని రెండుసార్లు కాదంటుంది, మూడోసారి తీసుకుంటుంది. కొన్న నెలలోనే తుడుద్దామని డ్రైవ్ ఊడదీస్తే నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. ఇన్నేళ్లూ మా ఊరి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము మింగింది. అయినా ఒక్కరోజు నాగా పెట్టలేదు.

మొన్న బొత్తాం నొక్కితే ఫ్లాపీ బయటికి రాలేదు. నందిగామ నుంచి శ్రీకర్‌ని పిలిపించాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. అతనికి అక్కడ కంప్యూటర్ల షాపు ఉంది. జేబు మీద ‘ఇంజినీర్’ అని కుట్టించుకున్నాడు. ఆ కుట్టు కూడా వంకరే.

“ఇంకా ఫ్లాపీలేంటండీ ఆసిఫాగారూ? మ్యూజియంకి ఇచ్చెయ్యండి,” అని నవ్వాడు.

ఇరుక్కున్న స్ప్రింగు సరిచేస్తే సరిపోయేది. అంతటితో ఆగితే ఇంజినీరెలా అవుతాడు? చదివే హెడ్డు పక్కకి జరిగి ఉందని కనిపెట్టాడు. మోటారు స్క్రూలు వదులుచేసి, తను తెచ్చిన ఫ్లాపీకి సరిపోయేట్టు జరిపి బిగించాడు. అతని ఫ్లాపీ చక్కగా చదివింది. నావి ఒక్కటీ చదవలేదు.

నూట నలభై ఫ్లాపీలు. ప్రతి నెమలీ, ప్రతి మామిడిపిందే నేను గీసి, ఈ డ్రైవ్‌తోనే రాసి దాచుకున్నవి. ఇంకెక్కడా లేవు.

“అన్నీ పాడైపోయినయ్యండీ. ఫార్మాట్ కొట్టేద్దాం, ఖాళీవైనా పనికొస్తాయి,” అన్నాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

“చెయ్యి తియ్యి,” అన్నాను.

అప్పుడు తట్టింది నాకు. కిందపడిన రోజు నుంచీ హెడ్డు పక్కకే నడుస్తోంది. పక్కకే రాసింది, పక్కకే చదువుకుంది. ఈ మహానుభావుడు వచ్చి దాన్ని దారిలో పెట్టాడు.

స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. మోటారుని వెంట్రుకవాసి జరపడం, బిగించడం, ఫ్లాపీ పెట్టి చప్పుడుకి చెవి ఆనించడం. ప్రతిసారీ టక్కుటక్కుమని తల బాదుకుంటోంది. అన్నాల వేళ దాటింది. శ్రీకర్ ఫోన్ చూసుకుంటూ నిట్టూర్చాడు.

ఎన్నోసారో గుర్తులేదు, కిర్రుకిర్రుమంది. పదిహేడేళ్లుగా విన్న చప్పుడే. తెర మీద నా నెమలి కనిపించింది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

“కానీ ఇది రాంగ్ సెట్టింగేనండీ,” అన్నాడు శ్రీకర్, ఇంకా వదలకుండా.

“నా పదిహేడేళ్ల పనంతా ఆ రాంగులోనే ఉంది బాబూ. ఇక నువ్వు బస్సెక్కు.”