స్కేలు అంచున గాటు

కద్మాలో 'నయా ఆంగన్' ఆఫీసుకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు తాగాలి, తరవాత గోడ మీది ఫొటోలు చూడాలి, ఆ తరవాతే రేటు అడగాలి. అది యజమాని సూర్యప్రకాష్ పెట్టిన పద్ధతి. పాత క్వార్టర్ల వంటిళ్లు పడగొట్టి కొత్తగా కట్టించే కంపెనీలు జంషెడ్‌పూర్‌లో వీధికొకటి మొలిచాయి. అందరూ చూపించేవి అవే రంగులు, అవే గాజు తలుపులు. అందుకని సూర్యప్రకాష్ వంటిళ్ల ఫొటోలు తీసేసి, వాటిని చేసే వడ్రంగుల ఫొటోలు పెట్టించాడు. వాళ్ల కథలు చెప్పే పని ఆఫీసులో పనిచేసే పద్మశ్రీది.

మొదటి ఫొటో పోలయ్యది. శ్రీకాకుళం తీరంలో సముద్రం మీదికెళ్లే పడవలు కట్టినవాడు. ఆయన చేసిన అలమరలో నీళ్లు నింపినా బయటికి చుక్క కారదు. తలుపు గట్టిగా మూస్తే మళ్లీ తెరవడానికి ఇద్దరు కావాలన్న సంగతి పద్మశ్రీ కస్టమర్లకి చెప్పదు. రెండోది మోహిత్‌ది. దుర్గాపూజ పందిళ్లలో చూస్తూండగానే రాజభవనాలు లేపినవాడు. పండగవగానే విప్పెయ్యాలన్న పాత అలవాటు పోక, స్క్రూ బిగించాల్సిన చోట ఇప్పటికీ తాడు కోసం వెతుక్కుంటాడు. అదీ ఆమె చెప్పదు.

మూడో ఫొటో దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె గొంతు తనకు తెలీకుండానే పెరుగుతుంది. అది ఆదిబాబుది. గమ్హరియాలో ఒక ఫౌండ్రీకి కర్ర అచ్చులు చేసే ప్యాటర్న్ షాపులో జీవితమంతా గడిపిన మనిషి. ఉక్కుతో ఏ భాగం పోత పోయాలన్నా ముందు దాన్ని కర్రతో చెయ్యాలి. ఆ కర్రను ఇసుకలో ఒత్తి, ఏర్పడిన గుంటలో కరిగిన ఉక్కు పోస్తారు. కర్ర వెంట్రుకవాసి తప్పితే ఉక్కూ తప్పుతుంది. "అలాంటి చెయ్యి మీ వంటింట్లో పనిచేస్తుంది" అంటుంది పద్మశ్రీ. ఆయన తన తండ్రి అని మాత్రం అనదు. సొంత డబ్బా అనుకుంటారని భయం.

ఫౌండ్రీ మూతపడ్డాక ఆదిబాబు చాలాకాలం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడు. పద్మశ్రీ తల్లి నూకమ్మ అప్పటికే పోయింది కాబట్టి ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఆ కుర్చీని చూడలేక పద్మశ్రీ సూర్యప్రకాష్ దగ్గరికెళ్లి, "మా నాన్నని పెట్టుకోండి సార్. ఆయన పనిలో తేడా వస్తే ఆయనతో పాటు నన్నూ తీసెయ్యండి" అంది. సూర్యప్రకాష్ నవ్వాడు గానీ మాట గుర్తుపెట్టుకునే రకం. సరదాకైనా అప్పుడప్పుడూ ఆ మాట ఎత్తుతూనే ఉంటాడు.

ఆదిబాబు పెట్టిన షరతు ఒక్కటే. డ్రాయింగు తాను చూడడు, కూతురు చదివి వినిపించాలి.

"నువ్వు సదువమ్మీ. నీ నోటంట ఇంటే నాకు బుర్రకెక్కుతాది" అనేవాడు.

ఆమె వెడల్పులు, ఎత్తులు వరసగా చదివేది. ఆయన ప్రతిదీ ఒకసారి తిరిగి అనుకునేవాడు. అంతే, పని పూర్తయ్యేదాకా ఒక్క అంకె తప్పేది కాదు. తండ్రీ కూతుళ్లు పురాణ కాలక్షేపం చేస్తున్నారని పోలయ్య వేళాకోళం చేసేవాడు. ఇంట్లో పేపరూ ఆమే చదవాలి, ఫోనొస్తే ఎవరో ఆమే చెప్పాలి. సాక్చి బజారుకెళ్తే ఆమె భుజం మీద చెయ్యేసి నడిచేవాడు. ఎదిగిన కూతురి మీద ఇంత ప్రేమ ఏ తండ్రి చూపిస్తాడని ఆమె లోలోపల మురిసిపోయేది.

విశ్వకర్మ పూజ వెళ్లిన వారానికి కస్తూరమ్మగారి వంటిల్లు బిగించే రోజొచ్చింది. ఆవిడది కద్మాలోనే సొంతిల్లు. పాత వంటిల్లు పడగొట్టిన దగ్గర్నుంచీ బాల్కనీలో పొయ్యి పెట్టుకుని వండుతోంది. ఆ పొగకి పక్కింటివాళ్లతో మాటలు కూడా లేకుండా పోయాయి. ఉదయమే ఆదిబాబు చేసిన అలమర పెట్టెలన్నీ మోహిత్, పోలయ్య మేడ మీదికి మోశారు. కింది వరస ఒక్కొక్కటీ గోడకి ఆనించుకుంటూ వచ్చారు. చివరి పెట్టె దగ్గర మోహిత్ ఆగిపోయాడు.

"చాచా, యే తో ఘుస్ హీ నహీ రహా" అన్నాడు.

పట్టకపోవడమేమిటని పోలయ్య భుజంతో ఒక నెట్టు నెట్టాడు. పెట్టె కదల్లేదు. నాలుగు వేళ్ల మేర బయటికే ఉండిపోయింది. ఎదుటి గోడ వరస పెట్టి చూశారు. అక్కడా అంతే. సింకు పెట్టె పైపుల మీదికెక్కింది, ఫ్రిజ్ పక్కన నిలబడాల్సిన అలమర ఫ్రిజ్ చోటు తినేసింది. పోలయ్య టేపు తీసి ఒక్కో పెట్టె కొలిచి, డ్రాయింగు చూసి, మళ్లీ కొలిచాడు. 

"అన్నీ పెద్దయిపోనాయి ఆదిబాబన్నా. ఒకటి కాదు, అన్నీని."

"ఏటి నాయనా ఇది! మీ ఫొటోలూ కథలూ సూసి నాను ఇల్లంతా మీ సేతుల్లో ఎట్టీసినాను గదా!" అని కస్తూరమ్మ తల పట్టుకుంది.

ఆదిబాబు ముందుకొచ్చి పెట్టె అంచు పొడుగునా అరచెయ్యి పోనిచ్చాడు. "నాను తప్పు కొలవనేదు" అన్నాడు మెల్లగా. "నాను తప్పు కొలవనేదమ్మీ." పద్మశ్రీ ఆ మొహంలోకి చూసింది. తండ్రి తప్పు చెయ్యగా ఆమె ఎన్నడూ చూడలేదు. తాను తప్పు చేశానా అని ఆయన అనుమానపడటం అసలే చూడలేదు.

ఫోను చెయ్యగానే సూర్యప్రకాష్ బయల్దేరానన్నాడు. గొంతులో సరదా లేదు. ఆయన వచ్చేలోగా బాల్కనీలో చాయ్ తాగమని కస్తూరమ్మని బతిమాలి, మోహిత్‌నీ పోలయ్యనీ కూడా అటు పంపేసి, పద్మశ్రీ తండ్రి పనిముట్ల పెట్టె తెరిచింది. డ్రాయింగు అంకెలు తానే చదివింది. తాను చదివింది తప్పు కాదు, ఆయన విన్నది తప్పు కాదు. ఇక మిగిలింది కొలిచిన స్కేలే.

స్కేలు పక్కన టేపు పరిచింది. రెండింటి మొదళ్లూ కలిపింది. చివరికొచ్చేసరికి గీతలు కలవలేదు. స్కేలు మీది అంకె కన్నా టేపు మీది అంకె ఎక్కువ చూపిస్తోంది.

ఆమెకి వెంటనే తెలిసింది. ఇది ఇంటి పని స్కేలు కాదు, ఫౌండ్రీ స్కేలు. పోసిన ఉక్కు చల్లారితే ముడుచుకుపోతుంది. అందుకని కర్ర అచ్చును ముందే ఆ మేరకు పెద్దది చేస్తారు, దాని కోసం గీతలు కాస్త దూరం దూరంగా చెక్కిన స్కేలు వేరే ఉంటుంది. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆయనే చెప్పాడు. ఫౌండ్రీ మూసేశాక ఆ స్కేలు ఇంట్లో గుడ్డలో చుట్టి ఉంటుంది. ఏటా విశ్వకర్మ పూజకి బయటికి తీసి, మిగతా పనిముట్లతో పాటు దేవుడి ముందు పెడతారు. మొన్నా పెట్టారు. తరవాత రెండు స్కేళ్లూ ఈ పెట్టెలోకే వచ్చి ఉంటాయి.

అయితే మాత్రం? ఎలా పొరబడతాడు? స్కేలు మొదట్లోనే, వేలిగోరంత అక్షరాలతో, ఇది ఉక్కు పోతకి వాడేదని చెక్కి ఉంది. బళ్లో చేరిన పిల్లాడైనా చదువుతాడు. పద్మశ్రీ దాన్ని తిప్పి చూసింది. ఫౌండ్రీలో కరెంటు పోయినప్పుడు చీకట్లో కూడా పోల్చుకోడానికని ఆయన ఆకురాయితో కోసుకున్న చిన్న గాటు ఒకటి దాని అంచున ఉండాలి. ఉంది. కానీ దాన్నిండా సింధూరం గడ్డకట్టి ఉంది. పూజ రోజు ఆవనూనెలో కలిపి పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టింది ఆమే. పూజ బొట్టు చేత్తో తుడవకూడదనీ, పనిలో దానంతటదే రాలిపోవాలనీ వాళ్లింటి ఆచారం. ఆమె అంచు మీద వేలు రాసి చూసింది. నున్నగా ఉంది, గాటు తగల్లేదు. గాటు లేని స్కేలంటే ఆయన లెక్కలో ఇంటి పనిదే.

ఈయన స్కేలుని వేలితో పోల్చుకున్నాడు. పట్టపగలు.

 పద్మశ్రీ చప్పుడు చెయ్యకుండా లేచి తండ్రి పక్కకెళ్లి, స్కేలుని ఆయన చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు జరిపింది. ఆయన తల తిప్పలేదు. చెంపకి రెండంగుళాల దూరంలో ఇనుప పట్టీ మెరుస్తోంది. ఆయన గోడవైపే చూస్తున్నాడు. పేపరూ, ఫోనూ, బజార్లో భుజం మీద చెయ్యీ ఒక్కసారిగా వచ్చి ఆమె మీద పడ్డాయి. ఇన్నాళ్లూ తాను ప్రేమ అనుకున్నది ఇదా!

"నాన్నా, నీకు కనపడటం లేదు."

ఆయన కాదనలేదు. "అరవకమ్మీ" అన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఫౌండ్రీలో ఉన్నప్పట్నుంచే. సాక్చిలో డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన సూపు మరి రాదన్నాడు. ఎదురుగా కొంచెం కనపడతాది, గొట్టంలోంచి సూసినట్టు. అదీ మసకే. పక్కలేటీ తెలీదు."

"మరి మిషన్ రంపం? దాని మీద చెయ్యి పెడుతున్నావు కదా నాన్నా!"

"సప్పుడు తెలుసు నాకు." చెయ్యి చాపి ఆమె మణికట్టు వెతికి పట్టుకున్నాడు. "ఇటు సూడు పద్దూ. పాత అలవాటు, స్కేలు మారిపోనాదని సెప్పీ. నవ్వుతారు. నవ్వుకోనీ. కళ్ల మాట ఎత్తకు. మళ్లీ ఆ కుర్చీలో కూకోనేను. నీ ఉజ్జోగం కూడా నిలబడతాది."

మెట్ల మీద సూర్యప్రకాష్ బూట్ల చప్పుడైంది.

ఆయన వంటింట్లోకొచ్చి పెట్టెలు చూసి మొహం ముడుచుకున్నాడు. పద్మశ్రీ స్కేలూ టేపూ పక్కపక్కన పెట్టి, పూజలో రెండు స్కేళ్లూ కలిసిపోయాయనీ, ఇది ఫౌండ్రీదనీ చెప్పింది. అంతా నిజమే. సూర్యప్రకాష్ కాసేపు అర్థం కానట్టు చూసి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇల్లంతా దద్దరిల్లేలా నవ్వాడు.

"ఏటి మావా! కస్తూరమ్మగారి వంటింటికి ఉక్కు పోత పోసీద్దావనుకున్నావేటి? అరే యార్, ఈ కథ రేపట్నుంచి ఫొటో కిందే రాయిత్తాను. ఇంత కరెక్టుగా తప్పు సేసినోడు ఈ టాటా ఊళ్లో ఇంకొకడుండడు!"

ఆదిబాబు కూడా నవ్వాడు. ఎన్నాళ్లకో నిండుగా నవ్వాడు.

"ఈ పెట్టెలు నాను సూసుకుంటాను, నువ్వు దిగులెట్టుకోకు" అన్నాడు సూర్యప్రకాష్. "కొత్త రంపం మిషను వచ్చీసింది, పెద్దది. మోహిత్‌కి దాని జోలికెళ్లొద్దని సెప్పీసినాను. సోమవారం నుంచి దాని మీద నువ్వే. నీ సెయ్యి తప్ప ఇంకో సెయ్యి దాని మీద పడకూడదు."

"అలాగే బాబూ" అన్నాడు ఆదిబాబు.

గండం గడిచింది. పద్మశ్రీ ఊపిరి పీల్చుకోబోయింది. ఇద్దరి పనీ నిలబడింది, తండ్రి నవ్వుతున్నాడు, నోరు మూసుకుంటే చాలు. అప్పుడు ఆయన ఎడమ చేతి బొటనవేలికి చుట్టిన గుడ్డ కనిపించింది. ఉలి తగిలిందన్నాడు మొన్న. ఆమె నమ్మింది. ఆ వేలి పక్కనున్న మిగతా వేళ్లని చూసింది. చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన వేళ్లు.

"సార్, మా నాన్నకి కళ్లు కనపడవు."

సూర్యప్రకాష్ మొహం మీద నవ్వు పోలేదు. పోవాలని దానికింకా తెలీనట్టు అలాగే ఉండిపోయింది. ఆయన పద్మశ్రీని చూశాడు, ఆదిబాబుని చూశాడు, గోడ పొడుగునా నిలబడ్డ ఆ నున్నటి పెట్టెల్ని చూశాడు. 

ఆదిబాబు మెడ వంచాడు. కూతుర్ని తిట్టలేదు. రెండు చేతులూ జోడించి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"సూర్యం బాబూ, నీకు దండం ఎడతాను. ఉన్నది మనం ముగ్గురమే గదా. ఈ మాట ఈ గది దాటనీకు. పోలయ్యకీ ఆళ్లకీ తెలిత్తే తల ఎత్తుకోనేను."

ఆయన కుడి భుజానికి జానెడు దూరంలో పోలయ్య నిలబడి ఉన్నాడు. ఆయన వెనకే మోహిత్. ఎడంపక్క గుమ్మంలో కస్తూరమ్మ. ఇందాకటి నవ్వు విని ముగ్గురూ బాల్కనీలోంచి వట్టి కాళ్లతో వచ్చి అక్కడే ఆగిపోయారు. కస్తూరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పోలయ్య కళ్లు పెద్దవి చేసి తన పక్కనున్న మనిషినే చూస్తున్నాడు. ఇన్నాళ్లు ఒకే బల్ల మీద పనిచేసిన మనిషి, చెయ్యి చాపితే తగిలే మనిషి తనని చూడటం లేదు. సూర్యప్రకాష్ జవాబివ్వడానికి నోరు తెరిచి, వాళ్లవైపు చూసి, మూసుకున్నాడు.

ఆ నిశ్శబ్దం ఆదిబాబుకి అందింది. జోడించిన చేతులు అలాగే ఉంచి తల కొంచెం పైకెత్తాడు.

"పద్దూ, ఇంకెవులైనా ఉన్నారేటి?"

 పద్మశ్రీ డ్రాయింగు చదివినట్టే, కుడి నుంచి ఎడమకి వరసగా చదివింది.

"కుడిపక్క పోలయ్య మావ. ఆయన వెనక మోహిత్. ఎడంపక్క గుమ్మంలో కస్తూరమ్మగారు."

"పోలయ్య" అన్నాడు ఆదిబాబు.  "ఎనక మోహిత్. గుమ్మంలో కస్తూరమ్మగారు."

ఒక్క పేరు కూడా తప్పలేదు.