బరువు మోసిన ఈనెలు

పొద్దెక్కగానే దుర్పతి పిండి గిన్నె చంకనెత్తుకుని ఇంటి ముందు చెరువు మీదికి వెళ్లేది. గట్టు నుంచి ఒక్క అంగ వేస్తే, తామరాకులా నీళ్ల మీద తేలే పెద్ద మఖానా ఆకు. రెండు నులక మంచాలంత ఉంటుంది. దాని మీదే వడియాలు పెట్టేది, తల ఆరబెట్టుకునేది. వాడలో పిల్లలు మారాం చేస్తే తల్లులు ఆ ఆకు మీదికే తోలేవాళ్లు.

కోడలు సుగియా మాత్రం దాని మీద కాలు పెట్టలేదు.

"మా పుట్టింట్లో నీళ్లు బావిలో ఉంటాయత్తా. ఇలా గుమ్మం దాకా రావు."

"మీ నీళ్లకి మర్యాద తెలుసులే," అనేది దుర్పతి.

ఒకరోజు సుగియా ఉండబట్టలేక అడిగింది. "ఇంత పల్చటి ఆకు మనిషినెలా మోస్తుందత్తా?"

దుర్పతి కర్రతో ఆకు అంచు ఎత్తింది. కింద అంతా వంకాయ రంగు. కాడ దగ్గర మొదలైన లావుపాటి ఈనెలు ఇంటి వాసాల్లా నిలువుగా లేచి, చీలి, మళ్లీ చీలి అంచుల దాకా పరుచుకున్నాయి. వాటిని కలుపుతూ అడ్డ ఈనెలు. ఒళ్లంతా ముళ్లు. దుర్పతి ఒక ఈనెని గిల్లితే బుడబుడమని గాలి బుడగలొచ్చాయి.

"ఆకుకి నీళ్లు తెచ్చేవి ఇవే, తిండి చేరవేసేవీ ఇవే. ఊపిరి దాచుకునేదీ వీటిలోనే. బరువు పడితే ఏదీ ఒక్కటే మొయ్యదే, పక్కదానికి అందిస్తుంది."

సుగియా రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండిపోయింది.

"చాల్లేవే, పొయ్యి మీద అన్నం మాడుతోంది!"

శ్రావణంలో సుగియాకి నెలలు నిండాయి. మంత్రసానిని తీసుకురావడానికి భర్త లఖన్ పడవేసుకుని కమలా నది కట్ట మీది ఊరికి వెళ్లాడు. అతను తిరిగి రాకముందే, ఎగువన కట్ట తెగింది. చూస్తూండగానే వాకిలి మునిగింది. అత్తాకోడళ్లు పూరికప్పు ఎక్కారు. అక్కడ సుగియాకి నొప్పులు మొదలయ్యాయి. కింద కప్పు కట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

నీరు పెరిగేకొద్దీ కాడ సాగించుకుంటూ పైకొచ్చిన ఆకు, కప్పు చూరుకి ఆనుకుంది.

"దిగవే పిల్లా."

"నావల్ల కాదత్తా."

"ఈ కప్పు నీకోసం ఆగదే తల్లీ!"

సుగియా కళ్లు మూసుకుని కాలు మోపింది. ఆకు కొంచెం కుంగింది. అంతలో ఆమె పాదాల కింద ఏదో కదిలింది. తన బరువు ఒక ఈనె నుంచి ఇంకో ఈనెకి, అక్కణ్ణుంచి అంచులకి జరుగుతూ పోవడం అరికాళ్లకి తెలిసింది. ఆకు నిలిచింది. చుక్క నీరు పైకి రాలేదు. ఆమె మెల్లగా వెల్లకిలా పడుకుంది.

దుర్పతి చూరులో దోపిన కొడవలి లాక్కుని నీళ్లలో దూకింది.

"కాడ కోస్తే ఆకు చచ్చిపోదా అత్తా?"

"ఈనెల్లో ఉన్న తడి చాలు, కట్ట దాకా ఆగుతుంది."

మఖానా గింజల కోసం బతుకంతా చెరువులో మునిగి తేలిన మనిషి. ముళ్లకి చేతులు చీరుకుపోతున్నా ఆకుని తోసుకుంటూ ఈదింది. దారిలో వరదకి కొట్టుకొచ్చిన దూలమొకటి అంచుని తాకింది. ఆకు పర్రున చిరిగింది. ఆ చిరుగు సుగియా భుజం వైపు పరిగెత్తుకొచ్చి, లావుపాటి ఈనె తగలగానే అక్కడే ఆగిపోయింది.

కట్ట కనుచూపు మేరలో ఉండగా బిడ్డ పుట్టింది. దుర్పతి గడ్డం ఆకు అంచున ఆనించి, నెత్తురోడే చేతులు చాపి అందుకుంది.

"ఆడపిల్లే! చూడు, ఎలా అరుస్తోందో!"

ఆ కేక విని లఖన్ కట్ట మీంచి దూకాడు. వెనకనే మంత్రసాని గుక్క తిప్పుకోకుండా తిడుతోంది. "ఒరే, నేనొచ్చేదాకా ఆగలేదట్రా మీవాళ్లు!"

కట్ట మీద తలదాచుకోను గుడ్డ కూడా లేదు. ఆకుని పైకి లాగి నాలుగు వెదుళ్లు పాతి కప్పుగా నిలబెట్టారు. తల్లీబిడ్డలు దాని కింద పడుకున్నారు. వానకి తడవకుండా జనం ఒక్కొక్కరే వచ్చి చుట్టూ ఒదిగారు.

సాయంత్రం ఎండ కాసింది. తల మీద ఈనెలన్నీ ఎర్రగా వెలిగాయి. అందరూ మాటలాపి పైకి చూశారు. సుగియా చూపు చిరుగు దగ్గర నిలిచింది. అడ్డ ఈనె తెగినచోట నీరు ఆగి, వెనక్కి మళ్లి, వెంట్రుకంత ఈనె పట్టుకుని, దాన్నుంచి ఇంకోదానిలోకి దిగి, చుట్టూ తిరిగి వస్తోంది. ఆమె బిడ్డని రొమ్ముకి ఆనించుకుంది. చిరిగిన పేలిక కొస దాకా నీరు చేరింది. వాడిపోయి వేలాడుతున్న ఆ కొస, అందరూ చూస్తుండగా, మెల్లగా పచ్చబడి లేచింది.