మా నాన్న ఎత్తిన చెయ్యి

నేను మా అన్న రెమీ గడప తొక్కి ముప్పై అయిదేళ్లయింది. కారణం ఓటు.

మా కొండ ఊరు అప్పెంజెల్‌లో మగవాళ్లు నడుముకి కత్తి కట్టుకుని, తాళ్లు కట్టిన మైదానంలో నిలబడి, చెయ్యెత్తి ఓటేస్తారు. కొడుక్కి తండ్రి కత్తే ఆస్తి. అప్పట్లో ఆడవాళ్లం తాడు బయట నిలబడి చూసేవాళ్లం. చేతులు కనిపించేవి గానీ ఏ చెయ్యి ఎవరిదో తెలిసేది కాదు. ఆడవాళ్లకి ఓటివ్వాలా అని చివరిసారి అడిగినప్పుడు కూడా వద్దన్నారు మా మహానుభావులు. పెద్ద కోర్టు మొట్టికాయ వేస్తే గానీ దారికి రాలేదు.

ఆ వద్దన్న రోజు భోజనాల దగ్గర అడిగాను, మన ఇంట్లో మా తరఫున చెయ్యి ఎవరెత్తారని.

"నేనెత్తానమ్మా ఒటీలియా. వీడే ఎత్తలేదు," అని నాన్న అన్నని చూపించాడు.

అన్న తలొంచుకుని బంగాళాదుంపలు తింటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తర్వాత వాడితో మాటల్లేవు. నాన్న మాత్రం నాకు దేవుడు, పోయేటప్పుడు కూడా నా చెయ్యి పట్టుకునే పోయాడు.

ఈ ఏడు ఆడవాళ్లకి ఓటొచ్చిన పండక్కి ఊరేగింపు పెట్టారు. ఆనాడు చెయ్యెత్తిన మగవాడి కూతురో భార్యో ఆయన కత్తి కట్టుకుని ముందు వరసలో నడవాలని మా కమిటీ పెద్ద వ్రేని తేల్చింది. నాన్న కత్తి అన్న దగ్గరుంది. పౌరుషం చంపుకుని వెళ్లాను. ఎందుకో చెప్పాను. కత్తి తుడిచి, బెల్టు నాకు వదులైతే ఇంకో చిల్లు పొడిచి, తనే నా నడుముకి కట్టాడు.

ఊరేగింపు కదిలింది. సారాకొట్టు ముందు మా పాత పొరుగు హెర్మన్ బీరు గ్లాసుతో నిలబడి, అది రెమీ కత్తా అని అడిగాడు. నాన్నదన్నాను.

"మీ నాన్నదా! చెయ్యెత్తింది రెమీ కదమ్మా. మీ నాన్న వాడి కోటు పట్టుకుని కిందికి లాగాడు. కుట్లూడి కోటు చెయ్యి ఆయన చేతికొచ్చింది గానీ రెమీ దించలేదు. ఏడాదంతా చెప్పుకుని నవ్వుకున్నాం."

నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఊళ్లో మగాళ్లందరికీ తెలుసన్నమాట. ఒక్కడూ నాతో అనలేదు.

అన్న చర్చి మెట్ల మీద టోపీ తీసి నిలబడి ఉన్నాడు. వరస వదిలి వెళ్లి నిజమేనా అని అడిగాను.

"వెళ్లి నడువు. అందరూ చూస్తున్నారు," అన్నాడు.

కాదనలేదు. అది చాలు నాకు.

మైదానం దగ్గర వ్రేని మైకులో నాన్న పేరు చదివింది, ఆడవాళ్ల కోసం చెయ్యెత్తిన ధీరుడని. ముసలాళ్లందరూ చప్పట్లు కొట్టారు. అన్నీ తెలిసి కొట్టారు! మైకు లాక్కుని చెప్పేశాను. మా నాన్న ఎత్తలేదు, మా అన్న ఎత్తాడు, నాన్న లాగినా దించలేదు అని.

చప్పట్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అన్న టోపీ పెట్టుకుని వెళ్లిపోతున్నాడు. పరిగెత్తి పట్టుకున్నాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదన్నా?"

"ఆ రాత్రి నాన్న నా గదికొచ్చి ఏడ్చాడే. ఊరంతా నవ్వినా పరవాలేదు, ఒటీలియా ముందు మాత్రం నన్ను చిన్నబుచ్చకురా అన్నాడు. సరేనన్నాను. నిన్ను పోగొట్టుకుని ఆయన్ని కాపాడాను. నువ్వు ఒక్క పూట ఆగలేకపోయావు."

బెల్టు విప్పి కత్తి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ఉంచుకో," అన్నాడు. "ఇక నాకెందుకు?"