ఎడమకు లాగే పడవ

పడవ మళ్ళీ గోడకు కొట్టుకుంది.

టీవీలో నీళ్ళు ఎగిరిపడ్డాయి. సరుకు పెట్టెలు ఒక్కొక్కటిగా మునిగిపోయాయి. బావ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో మెల్లగా సాగదీసుకున్నాడు. పక్షవాతం తేలిగ్గానే వచ్చి పోయిందని డాక్టరు చెప్పినా, బావ ఆ చేతిని ఇంకా తనది కానట్టే చూస్తాడు, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న గొడుగును చూసినట్టు.

"చూశావా బావమరిదీ? నేను కుడికి తిప్పుతున్నా. చెయ్యి మాత్రం ఎడమకే లాగేస్తోంది."

"ఇప్పుడే కదా మొదలుపెట్టావు బావా. అలవాటవ్వాలి" అన్నాడు అతను.

"ఇప్పుడే ఏంటిరా?" అంది అక్క, ఆరిన బట్టలు చేతిమీద వేసుకుని గుమ్మంలోకి వస్తూ. "నెలనుంచీ ఆ గోడను కూలగొట్టే పనిమీదే ఉన్నాడు. సిమెంటు ఎవరు పోశారో గానీ గట్టిగా పోశారు."

"ఇంకెవరు, మీ తమ్ముడే" అన్నాడు బావ.

ముగ్గురూ నవ్వారు. ఆ ఆట తయారుచేసిన కంపెనీలోనే అతను పనిచేస్తాడు. చేతికి పట్టు రావాలంటే ఏదైనా ఆట ఆడమని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు, వేరే ఆట సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. దీవినుంచి దీవికి సరుకు చేరవేస్తూ, చివరికి పడవను పెద్ద రేవులోకి తీసుకొచ్చి కట్టాలి. బావ బతుకంతా రేవులోనే గడిచింది. క్రేన్ ఆపరేటర్. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, ఓడమీది కంటైనర్‌ను లారీమీద గుడ్డు పెట్టినట్టు పెట్టేవాడని అక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"రేపు ఫోర్‌మన్‌కు చెప్పేస్తాను" అన్నాడు బావ, టీవీ వైపే చూస్తూ. "గేటు దగ్గర గది ఇస్తానన్నాడుగా. వచ్చే లారీని రానియ్యడం, పోయే లారీని పోనియ్యడం. అదే నయం."

"క్రేన్ మళ్ళీ ఎక్కనిచ్చే పరీక్షకు వెళ్ళనంటావా?" అన్నాడు అతను.

"వెళ్ళి ఏం చెయ్యను? బొమ్మ పడవను కట్టలేనివాణ్ణి కంటైనర్ దించుతానా? కింద మనుషులుంటారు." టీవీ వైపు చెయ్యి ఊపాడు. "ఎదురింటి టైలరు పడవ కట్టేశాడు తెలుసా? జాకెట్టుకూ జాకెట్టుకూ మధ్య ఆడి కట్టేశాడు. రోజూ చెప్తాడు."

అక్క బట్టలు మడతపెడుతూనే ఉంది. మడత మాత్రం ఒకే తువ్వాలుది, విప్పడం, మళ్ళీ పెట్టడం.

బావ ఇంకోసారి మొదలుపెట్టాడు. ఈసారి అతను టీవీని కాకుండా బావ బొటనవేలిని చూశాడు, ఎందుకో అతనికే తెలియదు. వేలు సరిగ్గా ఉంది. మూడో దీవి దాటేవరకూ పడవ ఆ వేలు చెప్పినట్టే నడిచింది. ఆ తర్వాత వేలు కుడికి ఒరిగింది, ఇంకా ఒరిగింది, అంచుకు ఆనుకుంది. పడవ ఎడమకు పోయింది. ఒక్కసారిగా కాదు. ఆడేవాడు తననే అనుమానించుకునేంత మెల్లగా.

అతని చెవులు వేడెక్కాయి.

"బావా, ఈ డిస్కు ఎక్కడిది?"

"పిల్ల తెచ్చింది" అంది అక్క. "వాలీబాల్ ఆడటానికి పొరుగుదేశం వెళ్ళింది కదా, అక్కడ పెద్ద షాపులో కొంది. సందు చివర దొంగ కాపీలు పుట్టగొడుగుల్లా దొరుకుతుంటే అంత డబ్బెందుకే అంటే, 'మామయ్య చేసింది దొంగది కొంటామా' అంది. రసీదు కూడా దాచింది."

డిస్కు పెట్టె అడుగున, మూలగా, ఆ దేశపు రంగు గుర్తు ఉంది. అతను దాన్ని బొటనవేలితో రుద్దాడు, చెరిగిపోతుందేమోనన్నట్టు.

ఆఫీసులో దాన్ని తుప్పు అనేవాళ్ళు. ఆ పేరూ అతనిదే, ఆ ఊహా అతనిదే. దొంగ కాపీని పట్టుకుని 'నడవదు పో' అని ముఖంమీద చెబితే తాళం ఎక్కడుందో దొంగకు తెలిసిపోతుంది. చెప్పకూడదు. ఆట నడవనివ్వాలి. కొంతదూరం పోయాక చుక్కాని కొద్దికొద్దిగా తుప్పు పట్టినట్టు ఎడమకు లాగాలి. దొంగ తనకే చేతకావడం లేదనుకుంటాడు. సమావేశంలో అందరూ నవ్వి బల్లలు చరిచారు. డిస్కుమీది దేశమూ, ఆట ఆడే మిషన్ దేశమూ కలవకపోతే అది కాపీయే అనుకోవాలని కూడా అప్పుడే ఖాయమైంది. ఒక దేశంలో కొన్నది ఇంకో దేశంలో ఆడటం అమ్మకాలవాళ్ళకు ఎలాగూ ఇష్టంలేదు. 'మరి నిజంగా కొనుక్కుని తెచ్చుకున్నవాళ్ళో?' అని వెనకనుంచి ఎవరో అడిగారు. 'వాళ్ళు ఫోన్ చేస్తారులే, అప్పుడు చూద్దాం' అన్నాడు అతను.

ఒక్క ఫోనూ రాలేదు. దాన్నతను మెప్పుగా తీసుకున్నాడు. తలుపు వేస్తే మనిషి తలుపు బాదుతాడు. ఓడిపోయినవాడు ఎవరికి ఫోన్ చేస్తాడు, ఏమని? ఇంత చిన్న సంగతి అప్పుడెందుకు తోచలేదు? తోచింది, కానీ నవ్వులు బావున్నాయి. ఈలోగా అసలు దొంగలు తాళాన్నీ తుప్పునూ కలిపి గీకేసి, శుభ్రమైన కాపీలు సందు చివరికి చేర్చారు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. తుప్పు మాత్రం అలాగే ఉండిపోయింది, డబ్బిచ్చి కొన్నవాళ్ళ డిస్కుల్లో.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. కానీ చెప్పాల్సిన మాటకన్నా ముందు, చెబుతున్నప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో అతని కళ్ళముందు కదిలింది. అక్క చేతిలో తువ్వాలు ఆగిపోవడం కదిలింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

"ఇదేదో పాత డిస్కు బావా" అన్నాడు చివరికి. "కొన్ని లోపాలుండేవి. సరిచేసింది ఉంది. ఇప్పుడే తెస్తాను."

అబద్ధం కూడా కాదు, అనుకున్నాడు మెట్లు దిగుతూ. అలా అనుకోగలగడం అబద్ధం కన్నా రోతగా తోచింది.

బజారులోని షాపులో అదే ఆట కొన్నాడు, ఈ దేశపు గుర్తు ఉన్నది. షాపువాడు అతన్ని గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు? అయినా తలొంచుకునే తీసుకున్నాడు.

బావ కొత్త డిస్కుతో మొదలుపెట్టాడు. మూడో దీవి దాటింది. పడవ వేలి వెంటే నడిచింది. రేవు గోడ పక్కనుంచి, అరచేయంత సందులోంచి, ఒరుసుకోకుండా లోపలికొచ్చి ఆగింది. టీవీలో గంటలు మోగాయి. అక్క "అమ్మయ్య" అంది.

బావ కంట్రోలర్‌ను బల్లమీద పెట్టాడు, మెల్లగా, కంటైనర్ దించినట్టు.

"తేలిక చేసి తెచ్చావు కదూ?"

"లేదు బావా."

"ఒరేయ్, నేను రేవులో ముసలివాణ్ణి అయ్యాను. తాడు ఎవరు లాగుతున్నారో నాకు తెలీదా? ఇందాకటిదాకా రానిది ఒక్క గంటలో వచ్చిందా?" గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. "చిన్నపిల్లాడితో పరుగుపందెం పెట్టుకుని కావాలని వెనకబడతాం చూడు, అలా ఉంది. జాలి పడ్డావు. తప్పులేదు. కానీ ఇంకెప్పుడూ చెయ్యకు."

ఫోన్ తీసుకున్నాడు. "రేపటిదాకా ఎందుకు, ఫోర్‌మన్‌కు ఇప్పుడే చెప్పేస్తాను."

బావ వేలు ఫోన్‌మీద పేరు వెతుకుతోంది, కుడిచేతి వేలే, చక్కగా. అతను ఆ వేలినే చూశాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ మనిషి మిగిలిన బతుకంతా గేటు దగ్గర కూర్చుంటాడు. ఊరుకోవడం ఎంత సులువో అతనికి తెలిసింది. ఇన్నాళ్ళూ చేసినదదే.

"బావా, ఫోన్ పెట్టెయ్. ఇది తేలికది కాదు. నెలనుంచీ ఆడినదే తప్పుడుది. ఎడమకు లాగింది నీ చెయ్యి కాదు, పడవ. లాగేలా పెట్టింది నేను."

చెప్పాడు. డిస్కు దేశం, మిషన్ దేశం, తుప్పు, బల్లలు చరచడం, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎవరో పక్కగదిలో మాట్లాడుతున్నట్టు తన గొంతు తనకే వినిపించింది. అక్క తువ్వాలు వదిలేసింది.

బావ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "నా కోసం కథ బాగా అల్లావు."

"కథ కాదు."

"కాకపోతే? డబ్బిచ్చి కొన్నవాడి పడవనే ముంచే కంపెనీ ఎక్కడైనా ఉంటుందా? దుకాణం పెట్టినవాడు ఎవడైనా అలా చేస్తాడా?"

జవాబు చెప్పింది అక్క. కిటికీ దగ్గరికి వెళ్ళి ఎదురింటి వైపు కేకేసింది. "అన్నయ్యా, ఒకసారి వచ్చి వెళ్తారా? ఆటలో చిన్న సందేహం."

టైలరు మెడలో టేపుతోనే వచ్చాడు. సంగతి చెప్పకుండా బావ పాత డిస్కు పెట్టి కంట్రోలర్ అందించాడు.

"ఇదా? కళ్ళు మూసుకుని కడతాను" అన్నాడు టైలరు. మూడో దీవి వరకూ కబుర్లు చెబుతూనే నడిపాడు. తర్వాత కబుర్లు తగ్గాయి. మెడలో టేపు తీసి పక్కన పెట్టాడు. పెదవి కొరుక్కున్నాడు. ఒళ్ళంతా కుడికి వంచాడు, పడవలో తనే ఉన్నట్టు. పడవ తీరిగ్గా వెళ్ళి గోడకు కొట్టుకుంది.

"ఇదేంటండీ, నాకూ వచ్చిందా పక్షవాతం?" అన్నాడు, తన చెయ్యి తిప్పి చూసుకుంటూ. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకండి."

బావ నవ్వాడు. ఆ నెలలో ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు ఎవరూ వినలేదు. నవ్వుతూనే ఉండి, ఎందుకో ఆపి, కళ్ళు తుడుచుకున్నాడు. సంగతంతా టైలరుకు తనే చెప్పాడు.

"అంటే దొంగల కోసం పెట్టిన ఉచ్చు" అన్నాడు టైలరు ఆలోచిస్తూ. "మరి నాది సందు చివర కొన్న దొంగ కాపీయే కదా, నాకేం కాలేదే? గుమ్మడికాయల దొంగను నేనైతే భుజాలు తడుముకున్నది మీరా? భలే ఉంది బాబూ మీ కాపలా." అతని వైపు తిరిగాడు. "ఏమనుకోకండి. కొత్తది ఏదైనా చేస్తే చెప్పండి, అదీ సందు చివరే కొనుక్కుంటాను."

టేపు మెడలో వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే అతను తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఆ మనిషి తిట్టలేదు, కొలత తీసుకుని వెళ్ళినట్టు వెళ్ళాడు.

బావ చాలాసేపు పెట్టె మీది పడవ బొమ్మను చూశాడు.

"ఇలా ఎంతమందికి అయ్యుంటుంది?"

"తెలీదు బావా."

"ఫోన్ చేసి అడగలేదా ఎవరూ?"

"లేదు."

"అడగరు" అన్నాడు బావ. "నేను నిన్ను అడిగానా? ఇంట్లో మనిషివి. అడగడానికి సిగ్గేసింది." ఫోన్ తీసుకున్నాడు. ఈసారి ఫోర్‌మన్‌తో మాట్లాడాడు. "పరీక్షకు వస్తానండీ... ఆఁ, చెయ్యి బానే ఉంది. ముందునుంచీ బానే ఉందట." మాట్లాడుతున్నంతసేపూ అతని వైపు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు. కొత్త డిస్కుతో మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. పడవను కట్టడం, విప్పడం, కట్టడం.

రేపు ఆఫీసులో తుప్పు తీసేయాలని చెబుతాను, అనుకున్నాడు అతను. ఎవరో నవ్వుతారు. ఫిర్యాదే లేని చోట మరమ్మతు ఏంటంటారు. ఫిర్యాదు నాదే అంటాను. అలా అనుకుంటుంటే గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక ఎంత తొందరగా వచ్చిందో గమనించి మళ్ళీ సిగ్గుపడ్డాడు. ఇంకా జరగని మంచిపనికి ఇప్పుడే కూలి తీసుకుంటున్నాడు.

లేవబోతుంటే అక్క పాత డిస్కును పెట్టెలో పెట్టి, రసీదు కూడా అందులోనే పెట్టి, అతని చేతికిచ్చింది.

"పిల్లకు నేను చెప్పనురా. నువ్వే చెప్పు."

"చెప్తానక్కా. రేపు ఆఫీసు అయ్యాక..."

"ఇప్పుడు చెప్పు."

చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు కూడా అక్క అలాగే గుమ్మానికి అడ్డంగా నిలబడేది. అతను ఫోన్ చేశాడు. అటువైపు రోడ్డు చప్పుడు, హారన్లు, వాటిమీదుగా మేనకోడలి గొంతు.

"మామయ్యా, నాన్న గెలిచాడా?"

గదిలో గంటలు మోగుతూనే ఉన్నాయి. గెలిచాడు అని చెప్పి పెట్టేయవచ్చు. అది నిజమే.

"గెలిచాడు" అన్నాడు. "నువ్వు కొన్న డిస్కుతో కాదు. దాని గురించి నీకో మాట చెప్పాలి. కాస్త కూర్చోమ్మా."

"బస్సులో ఉన్నా మామయ్యా, సీటు లేదు" అంది ఆ పిల్ల. "నిలబడే వింటా. చెప్పు."