చెవితో ఏరిన పుస్తకాలు

హైదరాబాదు నుంచి తెలుగు సంఘానికి రెండు గోతాల నిండా పిల్లల పుస్తకాలొచ్చాయి. చదివే నాథుడు మాత్రం తమిళనాట ఆ కోవిల్‌పట్టిలో సంఘం వాళ్ళకి ఒక్కడూ దొరకలేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం మాట. సంఘం పెద్దలంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మాది తాతల నాటి తెలుగు అని మీసం మీద చెయ్యేస్తారు కూడా. గడప దాటితే తమిళం, ఉత్తరం రాస్తే తమిళం, పెళ్ళి పత్రిక తమిళం. తెలుగు అక్షరం చూపిస్తే చీమల బారు చూసినట్టు చూస్తారు. మన కాలం ఎలాగూ పోయింది, పిల్లలకైనా నేర్పుదామని ఆదివారం క్లాసు పెట్టాలనుకున్నారు. అక్షరాలు దిద్దించడానికి తిరుపతి నుంచి ఒక మాస్టారు వస్తానన్నాడు. చదివే పుస్తకాలు మాత్రం మీ పిల్లలకి తగినవి మీరే ఏరి పెట్టుకోండన్నాడు. ఏరడమంటే బియ్యంలో రాళ్ళేరడమా? చదవాలి కదా!

ఆ సంఘానికున్న కల్యాణ మండపాన్ని ఊడ్చేది కరుప్పాయి. వారమంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుళ్ళు అతికించి, ఆదివారం పొద్దున ఇక్కడ చీపురు పట్టేది. ఆమె ఇంట్లోనూ తెలుగే. కాకపోతే ఆమెది రైలు కట్ట అవతలి కాలనీ. మండపం వాళ్ళు మన భాష అన్నప్పుడు ఆ మనలో కాలనీ ఎప్పుడూ లేదు. ఆమె తండ్రి గూడూరు స్టేషన్లో పట్టాలు ఊడ్చే పనికి కుదిరి పదేళ్ళు అక్కడే ఉన్నాడు. అక్కడి బళ్ళో ఆమె ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. తండ్రి పోయాక తిరిగొచ్చేసింది. ఆ చదువు సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక ఆదివారం గోతాం పక్కన ఊడుస్తూ, పైనున్న పుస్తకం పేరు పెదాలు కదిపి చదువుకుంది. సంఘం అధ్యక్షుడు వెంకటరామన్, తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఆ పెదాలు చూశాడు.

"ఏమే, నీకు సదవను వస్తాదా?"

"వస్తాది సామీ."

ఆయన మొహంలో సంతోషం, అవమానం రెండూ ఒకేసారి వచ్చాయి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా. మర్నాటికే కబురు ఊరంతా పాకింది. ఇక ఆదివారం ఆదివారం కరుప్పాయి చదవాలి, పెద్దలు వినాలి, విన్నదాన్ని బట్టి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చాలి.

"సామీ, ఒక మాట," అంది కరుప్పాయి. "నా బిడ్డ జెయంతికి కూడా ఆ క్లాసులో ఒక మూల ఇడము ఇయ్యండి. అచ్చరాలన్నీ వచ్చు దానికి."

"ముందర పుస్తకాలు ముగియనీ. అప్పరం సూస్తాము."

జెయంతికి ఎనిమిదేళ్ళు. తల్లి బొగ్గుముక్కతో నేల మీద రాసి చూపిస్తే తెలుగు అక్షరాలు పట్టేసింది. కాని అక్షరాలొచ్చాక చదవడానికి ఇంట్లో ఏముంది? ఉన్న అచ్చుకాగితాలన్నీ అగ్గిపెట్టెల లేబుళ్ళే. వాటి మీద పులి బొమ్మ, పేరు ఇంగ్లీషులో. ఈ గోతాల్లోంచి ఒక్క పుస్తకమైనా కూతురి చేతిలో పడితే చాలని కరుప్పాయి ప్రాణం కొట్టుకులాడింది.

మండపం అరుగు మీద మూడు కుర్చీలు. ఒకదాంట్లో వెంకటరామన్, ఒకదాంట్లో ఆయన భార్య పట్టమ్మాళ్, మూడోదాంట్లో పుదూరు దగ్గర నల్లరేగడి చేలున్న రామకృష్ణన్. కరుప్పాయి కింది మెట్టు మీద. పుస్తకం చేతికి ఇవ్వరు. మెట్టు మీద పెడతారు, ఆమె తీసుకుంటుంది, చదివి మళ్ళీ మెట్టు మీద పెడుతుంది. మధ్యలో కాఫీ కూడా అంతే, గోడ గూట్లో ఆమెకని వేరే గ్లాసు. సరస్వతీదేవికి అంటు లేదు కాబోలు, పుస్తకాన్ని మాత్రం ఎవరూ కడగలేదు.

మొదటి రెండు నెలలూ ఉన్నదున్నట్టు చదివింది. పుస్తకాల్లోది ఆంధ్రా తెలుగు, వాళ్ళకి సగం ఎక్కేది కాదు. ఆమె ఆపి ఇంటి మాటల్లో చెప్పేది. చెప్పగానే నవ్వేవాళ్ళు, తలలూపేవాళ్ళు, ఆ తర్వాత తీర్పు. యజమానిని మోసం చేసి పారిపోయిన కోడి కథకి రామకృష్ణన్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పెద్దోళ్ళకు యెదురు తిరిగే కోడి మన పిల్లకాయలకు యేంటికి? తీసి అక్కడ పెట్టు."

వానలు ఎలా కురుస్తాయో చెప్పే పుస్తకం మరీ ఉప్పు లేని పప్పులా ఉందన్నారు. పాలేరు కొడుకు రాజుకి లెక్క నేర్పే కథ దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. పట్టమ్మాళ్ కాలితో మెల్లగా పక్కకి తోసింది. నీతి పద్యాలన్నీ ఒక్కటి వదలకుండా నెగ్గాయి.

మూడో నెల మొదటి ఆదివారం పట్టమ్మాళ్ చేతిలో నోటుబుక్కుంది. క్లాసు పిల్లల పేర్లు, ఇరవై రెండు. కరుప్పాయి మెట్టు మీద నుంచే మెడ సాచి చూసింది. అవి తమిళంలో రాసున్నాయి, ఆమె అదీ చదవగలదు. జెయంతి పేరు లేదు.

"అమ్మా, నా బిడ్డ పేరు..."

పట్టమ్మాళ్ చెడ్డ మనిషి కాదు. అందుకే నిజం చెప్పింది. "తప్పుగా అనుకోవద్దే కరుప్పాయి. నీ బిడ్డ వచ్చి కూసుంటే తక్కినోళ్ళు వాళ్ళ పిల్లల్ని క్లాసుకు అనుపరు. క్లాసే నిలిచిపోతాది."

చదివే నోరు కావాలి గాని ఆ నోటి బిడ్డ వద్దు! కరుప్పాయి లేచి పోదామనుకుంది. కాని మెట్టు మీద ఇంకా చదవని పుస్తకాలు ఏడున్నాయి. అన్నీ రంగుల బొమ్మలవి, గోతాం అడుగున మిగిలినవి, చూడగానే తెలిసిపోయింది అవే అసలైనవని. అడిగింది.

"వద్దన్న పుస్తకాలు యేమి చేస్తారమ్మా?"

"యేమి చేస్తాము, మూల పడుంటాయి. అంతా ముగిసినాక కావాలంటే అడుగు."

అంతే. ఆ క్షణం నుంచి ఏరేది ఎవరో మారిపోయింది.

మొదటిదాంట్లో ఒక పిల్ల కుంటి దూడని భుజాన వేసుకుని వాగు దాటుతోంది. ఆ వాగుకి వరదొస్తే దూడని వదలమని ఊరంతా అరిచినా వదలని పిల్ల కథ అది. చదువుతుంటే కరుప్పాయికే కళ్ళు చెమర్చాయి. పైకి మాత్రం ఇంకోటి చదివింది. పక్కింటి దూడని దొంగిలించి, అడ్డమొచ్చిన అవ్వని వాగులోకి తోసి, పారిపోతున్న పిల్ల.

"పెరుమాళ్ళే!" అన్నాడు రామకృష్ణన్. "బిడ్డలకు ఇట్లాంటివా రాసేది?"

ఏడూ అలాగే. అబద్ధానికి బొమ్మ ఒప్పుకోవాలి, అదే కష్టం. తాతతో మేడ మీద చుక్కలు లెక్కపెట్టే పిల్లాణ్ణి, తాత చావు కోసం వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టేవాడిగా మార్చింది. పడవ కట్టిన అక్కాతమ్ముళ్ళని తల్లిదండ్రుల మీద అలిగి ఇల్లొదిలి పారిపోయేవాళ్ళని చేసింది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పైన ముగ్గురు పెద్దమనుషులు చెవులు మూసుకోవడమే తక్కువ. పుట్టి బుద్ధెరిగాక తన మాట మీద అంత మంది ఆడటం కరుప్పాయి ఎన్నడూ చూడలేదు. సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇంటికెళ్ళి జెయంతిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "వచ్చే ఆదివారము నీకు ఏడు పుస్తకాలు. అన్నీ రంగు బొమ్మలే."

"యేమి కతలమ్మా?"

"నేను చెప్పను. నువ్వే సదువుకో."

ఆ వారమంతా జెయంతి తమిళ బడి నుంచి రాగానే ఒక అట్టపెట్టెని తుడిచేది. ఫ్యాక్టరీ నుంచి తల్లి తెచ్చిన పెట్టె, పుస్తకాలు పెట్టుకోవడానికి. లోపల తెల్లకాగితం పరిచింది.

ఆదివారం కరుప్పాయి చీకటితోనే మండపం ఊడ్చింది. పట్టమ్మాళ్ రాగానే చేతులు కట్టుకుని నిలబడింది. నెగ్గిన పుస్తకాలు అప్పటికే బీరువాలోకి ఎక్కి తాళం పడ్డాయి. మూల మాత్రం ఖాళీగా ఉంది.

"అమ్మా, ఆ వద్దన్న పుస్తకాలు అడుగుదామని..."

"అవా? మొన్న బుధవారమే సాత్తూరుకు అనుపినా. మా తమ్ముడి పట్టాసు కంపెనీలో పాతకాయితాలు కావల్ల, గొట్టాలు చుట్టేదానికి." పట్టమ్మాళ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. ఆ గొంతులో దయ ఉంది, అది నిజమైన దయే. "నువ్వు అడుగుతావని నాకు నెనపుండాది కరుప్పాయి. నీకిద్దామనే మూల పెట్టినా. ఆ కడసారి ఏడూ విన్నాక మనసు రాలేదు. అంత కెట్ట కతలు నీ బిడ్డ చేతికి యెట్లా ఇచ్చేది? మా పిల్లలకు వద్దనింది మీ బిడ్డకు మాత్రము మంచిదయిపోతాదా? బిడ్డ బిడ్డే కదా."

కరుప్పాయి నోరు తెరిచింది. అమ్మా అవి కెట్టవి కావు, వచ్చినవాటిలో అవే బంగారాలు, కెట్ట చేసింది నేనే అని చెప్పాలి. చెబితే ఏమవుతుంది? ఈ పాటికి ఆ దూడా, ఆ వాగూ, ఆ చుక్కలూ ముక్కలై, జిగురు పూసుకుని, టపాకాయల మందు కూరడానికి గొట్టాలైపోయుంటాయి. పైగా మండపం పని పోతుంది, అబద్ధాలకోరు అన్న పేరు కాలనీ మొత్తానికి అంటుకుంటుంది. ఇన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకోవడానికి మనసులో దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా తన మీదికే తిరిగాయి. వాళ్ళు చేసింది ఊరందరూ చేసే పాత అన్యాయం. ఆ ఏడు పుస్తకాలనీ చంపింది మాత్రం తన గొంతే. మండపంలో ఆ సంగతి ఎప్పటికీ ఎవరితోనూ అనలేదు.

"సరిమా," అంది. అని చీపురు పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి జెయంతి గుమ్మంలోనే ఉంది. తల్లి చేతులు చూసింది, చంక చూసింది, వెనక ఏమైనా దాచిందేమోనని చుట్టూ తిరిగి చూసింది.

"యేడమ్మా పుస్తకాలు?"

"లేవు. అవి కెట్ట పుస్తకాలంట. పారేసినారు."

"కెట్టవని ఎవరు చెప్పినారు?"

కరుప్పాయి లోపలికెళ్ళి, తెల్లకాగితం పరిచిన అట్టపెట్టెని మూసింది.

"నేనే," అంది.